తడిచొక్కా సరంగు

పిన్ని కొట్టుకి చొక్కాల మీద అక్షరాలు వేయించుకోవడానికి ఎవరొచ్చినా ముందు మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. బట్ట ఏ రకం? చొక్కాలు ఎన్ని? ఉతికేదెవరు? మొదటి రెండూ గడగడా చెప్పేసినవాళ్ళు మూడోదాని దగ్గర నీళ్ళు నమిలేవారు, ముఖ్యంగా మగవాళ్ళు. "ఉతికేదెవరో తెలీకపోతే దేంతో వెయ్యాలో నాకెలా తెలుస్తుంది నాయనా?" అనేది పిన్ని, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి చూస్తూ. బండకేసి బాదేవాళ్ళ చొక్కాకి ఒక పద్ధతి, మిషన్లో వేసేవాళ్ళకి ఇంకో పద్ధతి. గుర్తొచ్చినప్పుడు ఉతుక్కునే బ్రహ్మచారులకి ఏదైనా ఒకటే.

ఆవిడ ఊరందరికీ పిన్నే. తనకంటే పెద్దవాళ్ళు పిన్నీ అని పిలిచినా పలికేది. కొట్టు రేవుకి దిగే వీధి చివర, మెట్లకి ఎడమచేతి వైపు ఉంది. లోపల గోడకి ఆనించి వేడిప్రెస్సు, కిటికీ కింద కుట్టుమిషను, మధ్యలో పొడుగాటి చెక్కబల్ల, బల్ల మీద ఇంకు వేసే ఫ్రేములు. ఏ మూల చూసినా రంగు మరకలే. పిన్ని గోళ్ళ సందుల్లో రంగు ఎప్పుడూ ఉండేది, అదేంటని అడిగేవాళ్ళూ లేరు.

స్టిక్కరు చవక. అక్షరాలు కత్తిరించి, చొక్కా మీద సర్ది, వేడిప్రెస్సు మూత కిందికి దించితే అతుక్కుపోతాయి. నిలబడి తీసుకెళ్ళొచ్చు. కాకపోతే ఉతకగా ఉతకగా అంచులు లేస్తాయి. కుట్టు గట్టిది. చొక్కా చిరిగినా అక్షరం పోదు, కానీ పల్చటి బట్ట మీద ముడతలు పడుతుంది, లోపలివైపు దారాలు ఒంటికి గీరుకుంటాయి. "అత్తగారి పలకరింపు లాంటిది, పైకి అందం, లోపల గీరుడు" అనేది పిన్ని. మూడోది ఇంకు. ఫ్రేము కింద చొక్కా పరిచి, పైన ఇంకు పోసి, రబ్బరు బద్దతో ఒక్క లాగు లాగితే మాట బట్టలోకి దిగిపోతుంది. అంచు లేవదు, ఒంటికి గీరదు, బట్ట ఉన్నంతకాలం ఉంటుంది. ఉన్న చిక్కల్లా ఒక్కటే. పిన్ని కొట్లో ఇంకు, వేసిన మాట నిజమయ్యేదాకా ఆరదు.

అందుకని ఇంకు అడిగినవాళ్ళకి నాలుగో ప్రశ్న కూడా ఉండేది: మాట నిజమేనా? నిజమైతే ఫ్రేము పైకెత్తేలోపే ఆరిపోయేది. పోస్ట్‌మ్యాన్ అని వేయించుకున్న పోస్ట్‌మ్యాన్ అక్కడే తొడుక్కుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఫుట్‌బాల్ కుర్రాళ్ళు వచ్చి విజేతలు అని వెయ్యమంటే, వాళ్ళ ఆట చూసిన మనిషి కాబట్టి, "మీకు స్టిక్కరు చాలు నాయనా" అని తేల్చేసింది. గడియారాలు బాగుచేసే అతను పెళ్ళాం నెల తప్పగానే సంబరపడిపోయి నాన్న అని ఇంకుతో వేయించుకున్నాడు. పాప పుట్టింది, చొక్కా ఆరలేదు. పాప పాకింది, నడిచింది, చొక్కా ఆరలేదు. ఎత్తుకుంటే మరకవుతుందని పాపని దూరంగా పెట్టేవాడు. ఒకరోజు దానికి జ్వరం వచ్చి ఒళ్ళంతా వాంతి చేసుకుంటే, చొక్కా సంగతి మర్చిపోయి గుండెకి అదుముకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. మధ్యాహ్నానికల్లా ఆరింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఉతికినా రంగు చెక్కుచెదరలేదు.

పిన్ని అనే పిలుపు నిజంగా చెల్లేది ఒక్కదానికే, అక్క కూతురికి. తల్లి పోయాక చిన్నప్పుడే ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడకుండా రేవులో కూర్చుని పాత తాళ్ళకి ముళ్ళు వేస్తూ, విప్పుతూ ఉండేది. తాళ్ళపిల్ల అని పేరు పడిపోయింది. ముప్పై దాటినా, పాపిట్లో తెల్లవెంట్రుకలు తొంగిచూసినా, ఇంకా తాళ్ళపిల్లే.

పిన్ని మొగుడు, అంటే ఆమెకి బాబాయి, లాంచీ సరంగు. ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకి మనుషుల్ని దాటించే లాంచీ అది. దాన్ని నడిపేవాడూ, దానికి మంచికీ చెడ్డకీ పెద్ద కూడా సరంగే. తాళ్ళపిల్ల అదే లాంచీలో హెల్పరు. తాళ్ళు కట్టాలి, విప్పాలి, డెక్కు కడగాలి. కాగితం మీద అంతే. బాబాయి కళ్ళకి పొర కమ్మినప్పటి నుంచీ చక్రం తిప్పుతున్నది ఆమే. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, మొహానికి తగిలే గాలిని బట్టి "కొంచెం ఎగువకి పట్టవే" అనేవాడు. లాంచీ ఎక్కే ప్రతివాళ్ళకీ ఈ సంగతి తెలుసు. ఆఫీసుకీ తెలుసు. తెలిసినట్టు ఒప్పుకుంటే జీతం పెంచాలి కాబట్టి ఆఫీసు కళ్ళకి కూడా ఒక పొర ఉండేది.

ఆ ఎండాకాలం బాబాయి ఇక చాలని దిగిపోయాడు. ఆ వారంలోనే లాంచీ మేనేజరు పిన్ని కొట్టుకి వచ్చాడు.

మేనేజరు చెడ్డవాడని చెప్పలేం. కానీ ఎవరి ముందు ఎంత వంగాలో కొలత తీసుకుని పుట్టిన మనిషి. పైన యజమాని ఉన్నాడు, అవతలి గట్టున ఇల్లు. ఇంట్లో భార్య ఉంది, ఆవిడకో తమ్ముడున్నాడు. ఆ తమ్ముడికి ఉద్యోగం కావాలి. మిగతాది మీరే ఊహించుకోవచ్చు.

"పిన్నిగారూ, స్టాఫుకి నీలం చొక్కాలు. వీపు మీద పెద్దక్షరాలతో ఎవరి హోదా వాళ్ళకి ఉండాలి, ఎక్కేవాళ్ళకి దూరం నుంచే కనపడేటట్టు" అన్నాడు. "టికెట్ ఒకటి. ఇంజను ఒకటి. హెల్పరు ఒకటి. సరంగు ఒకటి."

"సరంగు చొక్కా ఏ సైజు?" అంది పిన్ని.

"పెద్ద సైజు. మా బావమరిదికి. చెరువులో పడవలు తిప్పాడులెండి, లైసెన్సు కూడా ఉంది."

తాళ్ళపిల్ల అప్పుడే లాంచీ దిగి వచ్చి, బల్ల దగ్గర ఫ్రేము కడుగుతోంది. చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. ఎన్నేళ్ళుగానో తన చేతుల కింద తిరిగిన చక్రాన్ని ఎవరో చెరువు మనిషికి ఇచ్చేస్తున్నారు, అదీ తన ముందే, చొక్కా సైజుతో సహా. ఆమెకి ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"దేంతో వెయ్యను?" అంది పిన్ని, తాళ్ళపిల్ల వైపు చూడకుండా. "స్టిక్కరా, కుట్టా, ఇంకుతోనా?"

"స్టిక్కరే. త్వరగా అయిపోతుంది."

"మీ బావమరిదికైనా ఇంకుతో వెయ్యనా? చాలాకాలం ఉంటుంది."

"వద్దు, వద్దు. స్టిక్కరు చాలు" అన్నాడు మేనేజరు, అడిగినదానికంటే తొందరగా. బటన్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ పైకప్పు వైపు చూడటం మొదలుపెట్టింది.

"నాది ఇంకుతో వెయ్యి పిన్నీ" అంది తాళ్ళపిల్ల.

"హెల్పరు అన్న ముక్కకి ఇంకు ఎందుకే?"

"హెల్పరు అని కాదు. సరంగు అని."

మేనేజరు నవ్వాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని! ఇదిగో, ఆ ఇంకు ఏం చేస్తుందో తెలుసుగా? ఊరంతా మరకలు చేసుకుంటూ తిరుగుతావా?"

"తిరుగుతాను."

"ఆరకపోతే?"

ఆమె తలొంచుకుని ఫ్రేము తుడవసాగింది. మేనేజరుకి అది నచ్చింది. "సరే, వేసుకో. నాకేం అభ్యంతరం లేదు. ఏటికి కొత్తనీరు వచ్చేదాకా చూస్తాను. అప్పటికీ తడిగానే ఉంటే లాంచీ దిగి, ఆఫీసు కిటికీ వెనక కూర్చుని టికెట్లు చింపు. మళ్ళీ ఏటి మీదికి రాకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒసేయ్, వద్దే" అంది పిన్ని మెల్లిగా.

"ఒప్పుకున్నాను" అంది తాళ్ళపిల్ల.

మేనేజరు వెళ్ళాక పిన్ని చాలాసేపు సణిగింది. ఇంకు డబ్బా మూత తిప్పుతూ సణిగింది, ఫ్రేము బిగిస్తూ సణిగింది. "మీ అమ్మా ఇంతే. ఉడుంపట్టు. స్టిక్కరు వేసుకుని హాయిగా బతికేవాళ్ళు ఊళ్ళో ఎంతమంది లేరు?" అంటూనే నీలంచొక్కా వీపు భాగం ముడత లేకుండా పరిచి, రబ్బరు బద్ద రెండు చేతులా పట్టుకుని లాగింది. తెల్లగా, లావుగా, మూడక్షరాలు దిగాయి. ఇద్దరూ వంగి చూశారు. పిన్ని చిటికెనవేలితో అంచు తాకింది. వేలికి తెల్లగా అంటింది.

"ఎందుకు ఆరలేదు? నడిపేది నేనేగా!" అంది తాళ్ళపిల్ల.

"అది నన్నడిగితే ఎలా? ఇంకుని అడుగు."

మర్నాటి నుంచి తడిచొక్కా కాపురం మొదలైంది. ఆ ఇంకు ఎండకి ఆరదు, నీళ్ళకి కరగదు, ఎంతమందికి అంటినా తరగదు. లాంచీ ఇరుకు. మూటలతో, సైకిళ్ళతో జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఎక్కుతారు. తాడు విప్పి వెనక్కి తిరిగేలోపు ఎవరో ఒకరికి ఆమె వీపు తగిలేది. మర్యాదస్తులు తిట్టారు. తెల్లబట్టల వాళ్ళు అటుపక్క నిలబడటం మానేశారు. ఇంటికొచ్చి గోడకి ఆనుకోవడానికి లేదు, మంచం మీద వెల్లకిలా పడుకోవడానికి లేదు. చొక్కా విప్పి దండెం మీద ఆరేస్తే పక్కింటివాళ్ళ దుప్పట్లకి అంటేది. అయినా పొద్దున్నే అదే తొడుక్కునేది. "మార్చుకోవచ్చుగా" అంటే, "ఆరాక మార్చుకుంటా" అనేది.

కూరగాయల బుట్టలతో రోజూ దాటే ఒకావిడ ఉండేది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఓసారి లాంచీ ఊగినప్పుడు ఆవిడ జాకెట్టుకి మూడక్షరాలూ తిరగేసి అంటుకున్నాయి. ఆవిడ గొంతెత్తుతుందని అందరూ చెవులు మూసుకోబోయారు. ఆవిడ మర్నాడు ఎక్కుతూనే తాళ్ళపిల్ల భుజం మీద చరిచింది.

"ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటే సరంగు అని తిన్నగా కనపడిందే! ఇంకేముంది, రాత్రి మా ఆయన్ని వంట చెయ్యమన్నా."

"చేశాడా?"

"మాడబెట్టాడు. కానీ చేశాడు."

ఆ తర్వాత ఒకరిద్దరు ఆడవాళ్ళు ఎక్కేటప్పుడు ఆమె వీపుకి కావాలనే రాసుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టారు. మేనేజరు చూసి పళ్ళు నూరాడు.

ఇక బావమరిది. పెద్ద సైజు చొక్కాలో సన్నగా ఉండే మనిషి. వీపు మీద స్టిక్కరు నిగనిగలాడుతూ మొదటిరోజే చక్రం పట్టుకున్నాడు. చెరువు నీళ్ళు చెప్పినమాట వింటాయి. ఏరు వినదు. మధ్యధారలోకి రాగానే లాంచీ ముక్కు పక్కకి తిరిగిపోయింది. అతను చెమటలు కక్కుతూ పక్కకి చూసి, "అక్కా, కాస్త పట్టుకోవా?" అన్నాడు. ఆమె పట్టుకుంది. మర్నాడూ పట్టుకుంది. వారం తిరక్కుండానే పాత ఏర్పాటే మళ్ళీ వచ్చింది. చక్రం దగ్గర ఆమె, స్టూలు మీద ఇంకొకరు. అతను మంచివాడు. ఇంటి నుంచి ఆమెకి కూడా మంచినీళ్ళ సీసా తెచ్చేవాడు. సందు దొరికినప్పుడల్లా, "నేను అడగలేదక్కా ఈ ఉద్యోగం. మా అక్క అడిగింది" అనేవాడు. ఆమెకి అతని మీద కోపం తెచ్చుకోవాలని ఉండేది, వచ్చేది కాదు. అందుకు ఇంకా కోపం వచ్చేది.

రోజూ గట్టుకి చేరగానే చెయ్యి వెనక్కి పెట్టి వీపు తాకి చూసుకునేది. వేళ్ళు తెల్లబడేవి.

"రోజంతా నేనే నడుపుతున్నాను బాబాయ్. ఇంకా ఏం కావాలి దానికి?" అని ఒకరోజు అన్నం ముందు కూర్చుని అరిచేసింది.

బాబాయి కంచంలో అన్నం తడుముకుంటూ కలుపుతున్నాడు. "నేనున్నప్పుడూ నువ్వే నడిపావు" అన్నాడు.

"అవును, అదే కదా అంటున్నా."

"అదే నేనూ అంటున్నా" అని ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి, ఆ కొంచెమూ గాలి గురించే మాట్లాడేవాడు.

ఎండలు ముదిరాయి. ఎగువన ఎక్కడో మబ్బులు పడుతున్నాయని ఏరు దాటొచ్చినవాళ్ళు చెబుతున్నారు. పిన్నికి నిద్ర పట్టడం మానేసింది. అరిచినా, తిట్టినా, ఆ పిల్ల ఏటి మీద తప్ప ఇంకెక్కడా బతకలేదని ఆవిడకి తెలుసు. ఆఫీసు కిటికీ వెనక కూర్చోబెడితే ఎండిపోతుంది. ఒక మధ్యాహ్నం తాళ్ళపిల్ల భోజనం చేసి కాస్త కునుకు తీస్తుంటే, ఆవిడ దండెం మీదున్న ఆ చొక్కా తీసుకెళ్ళి వేడిప్రెస్సులో పెట్టి మూత దించేసింది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి చెయ్యాల్సిన పనికాదు. తడి ఇంకుని వేడిప్రెస్సులో పెట్టకూడదని ఆ వృత్తిలో పసివాళ్ళకి కూడా తెలుసు. కంగారులో ఆవిడకి గుర్తులేదు, లేదా గుర్తుండీ పెట్టింది.

మూత తీస్తే చొక్కా పొగలు కక్కుతోంది, అక్షరాలు మాత్రం నవనవలాడుతూ తడిగానే ఉన్నాయి. పిన్ని నిట్టూర్చి చొక్కా దండెం మీద వేసి, హోటలు వాళ్ళ ఆర్డరు స్టిక్కర్లు వరసగా అతికించేసింది. మూత లోపలివైపు ఇంకు అంటుకుని ఉందన్న సంగతి ఆవిడ చూసుకోలేదు. సాయంత్రం హోటల్లో వడ్డించేవాళ్ళందరి పొట్టల మీదా, హోటలు పేరు కిందుగా, సరంగు అని తెల్లగా తడిగా మెరుస్తోంది. హోటలు యజమాని లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఒక్కడూ నా మాట వినడం లేదు పిన్నీ! కాఫీ ఇవ్వరా అంటే, ఆగండి అంటున్నాడు!" పిన్ని ఆ చొక్కాలన్నీ మళ్ళీ కొత్తగా వేసి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ గొడవ సద్దుమణిగాక ఆవిడ తాళ్ళపిల్లని కుట్టుమిషను దగ్గరికి పిలిచింది. తెల్లదారం కండె అప్పటికే ఎక్కించి ఉంది.

"ఇటు తే చొక్కా. అక్షరాల మీదే దగ్గరదగ్గరగా దారంతో కుట్టేస్తాను. ఇంకు కిందికి పోతుంది. తాకితే పొడిగా ఉంటుంది. దారానికి నిజం, అబద్ధం పట్టింపు లేదు. లాగినవైపు వస్తుంది."

"నీకు తెలుసుగా పిన్నీ, కింద తడిగా ఉందని."

"నాకు తెలిస్తే ఏంటే? మేనేజరుకి తెలీదు. లాంచీ మీద ఉంటావు. నాకు అది చాలు." ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి వేసింది. "ఈ ఊళ్ళో సగంమంది వీపుల మీద నేను అతికించినవే ఉన్నాయి. ఒక్కటీ నిజం కాదు. ఎవరికేం నష్టం జరిగింది?"

తాళ్ళపిల్ల పిన్ని చేతిలోంచి చొక్కా మెల్లిగా లాక్కుంది. "వద్దు. తడిగానే ఉండనీ. తడిగా ఉన్నన్నాళ్ళూ కనీసం అందరికీ అంటుతోంది. పొడిగా అబద్ధం చెప్పే చొక్కా నాకొద్దు. తాడో పేడో ఏటి మీదే తేల్చుకుంటాను."

పిన్ని మిషను మీద తల వాల్చుకుని కూర్చుండిపోయింది. తర్వాత లేచి, కండె తీసి డబ్బాలో పడేసింది.

కొత్తనీరు చెప్పిరాదు. రాత్రి వరకూ పచ్చగా ఉన్న ఏరు తెల్లవారేసరికి ఎర్రగా, చిక్కగా, నురగలు కక్కుతూ ఉంది. రేవు మెట్లు చాలా వరకు మునిగాయి. అవతలి గట్టున సంత. మూటలు, బుట్టలు, సైకిళ్ళతో జనం అప్పటికే లాంచీ నిండా ఎక్కి కూర్చున్నారు. ఇంజను గుడగుడలాడుతోంది. బావమరిది స్టూలు పక్కన నిలబడి ఏటిని చూస్తున్నాడు. అతని వీపు మీద స్టిక్కరు గు దగ్గర ఊడి వేలాడుతోంది. బాబాయిని ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రేవు అరుగు మీద కూర్చోబెట్టారు. పిన్ని కొట్టు మూసేసి వచ్చింది. ఆ రోజుతో గడువు తీరిపోతుందని అందరికీ తెలుసు.

తాళ్ళపిల్ల తాడు దగ్గర నిలబడి ఉంది. ఏటి మధ్యలో పాత వంతెన స్తంభం ఒకటి మిగిలి ఉంది. పొద్దస్తమానం దాని మీద కొంగలు వాలి ఉంటాయి. ఇవాళ ఒక్క కొంగా లేదు. స్తంభం చుట్టూ నీళ్ళు గుంటపడి తిరుగుతున్నాయి.

మేనేజరు గొడుగేసుకుని వచ్చాడు. వస్తూనే ఆమె వెనక్కి వెళ్ళి, వేలితో వీపు తాకి, తెల్లబడ్డ వేలు అందరికీ చూపించాడు. "కొత్తనీరు వచ్చింది. ఇంకు ఆరలేదు. మాట మాటే."

"సరే" అంది ఆమె.

"ఇక కదలండి. యజమానిగారు అవతలి గట్టున కాచుకుని ఉన్నారు. ఇవాళ లెక్కలు చూడ్డానికి వస్తున్నారు."

బావమరిది కదల్లేదు. మొహం పాలిపోయింది. "బావా, నా వల్ల కాదు" అన్నాడు. "అక్క అయితే..."

మేనేజరు అటు చూశాడు, ఇటు చూశాడు. అవతలి గట్టున యజమాని గొడుగు నల్లగా కనపడుతోంది. గొంతు తగ్గించి తాళ్ళపిల్ల దగ్గరికి వచ్చాడు.

"చూడు. టికెట్ల మాట మర్చిపో. ఈ ఒక్కసారి దాటించు. అవతల దిగగానే యజమాని ముందే చెప్తాను, సరంగువి నువ్వేనని. కాగితం మీద, జీతంతో సహా. అంతేగా నీకు కావలసింది? చొక్కా అదే ఆరుతుంది."

నిజం చెప్పుకోవాలంటే ఆమెకి ఆశ పుట్టింది. పుట్టకపోతే మనిషే కాదు. నడపగలదు కూడా. స్తంభానికి ఎగువ నుంచి, ముక్కు ధారకి ఎదురు పెట్టి, ఇంజను మొత్తుకుంటున్నా వదలకుండా పట్టుకుంటే బహుశా దాటిపోవచ్చు. ఒంటరిగా అయితే ఈపాటికి తాడు విప్పేసేదే. ఆమె లాంచీ వైపు చూసింది. కూరగాయలావిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గడియారాల అతను ఆరిన నాన్న చొక్కాలో, పాపని తొడ మీద కూర్చోబెట్టుకుని ఏదో చూపిస్తున్నాడు. బహుశా అన్న మాటలోకి ఇంతమందిని ఎక్కించి తీసుకెళ్ళాలి.

ఆమె ఇంజను దగ్గరికి వెళ్ళి తాళంచెవి లాగేసి జేబులో వేసుకుంది. ఇంజను చప్పుడు ఆగిపోయేసరికి ఏటి హోరు ఒక్కసారిగా పెద్దదైంది. తిరిగొచ్చి, గుంజకి కట్టిన తాడు మీద ఇంకో తాడు వేసి, చిన్నప్పటి నుంచీ వేస్తున్న ముడి వేసి బిగించింది.

"ఇవాళ లాంచీ కదలదు" అంది. "దిగండి అందరూ."

"ఏంటీ?" అన్నాడు మేనేజరు.

"కదలదు."

"నేను కదలమంటున్నాను! ఉద్యోగం ఇస్తానంటే వద్దంటావా? నీకు మతి ఉందా? నువ్వెవరు కదలదనడానికి?"

ఆమె లేచి నిలబడింది. జుట్టు మొహం మీద పడుతున్నా తీసుకోలేదు.

"మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఈ లాంచీకి సరంగుని నేను. యజమాని వచ్చి చెప్పినా కదలదు. కావాలంటే మీ గొడుగేసుకుని మీరు ఈదుకుంటూ వెళ్ళండి."

లాంచీలో గొణుగుడు మొదలైంది. సంత పోతుందని ఒకరు, ఇంతదూరం వచ్చామని ఒకరు. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. చినుకు కాదు, ఒక్కసారిగా కుండపోత. కూరగాయలావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని లేచింది. "సరంగు దిగమంటోంది, వినపడలేదా? లేవండి!" అని కేకేసి ముందు తనే దిగింది. వెనకే గడియారాల అతను పాపని ఎత్తుకుని దిగాడు. తర్వాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు, తిట్టుకుంటూనే, అందరూ దిగారు. గట్టుకి వేసిన ఇరుకు పలక మీద ఆమెకి రాసుకుంటూనే దిగారు, ఎవరి బట్టలకీ మరక కాలేదు. వాన హడావిడిలో ఎవరూ చూసుకోలేదు.

అందరూ దిగాక ఆమె అరుగు దగ్గరికి వెళ్ళి బాబాయి ముందు వీపు తిప్పి కూర్చుంది. "పోయింది బాబాయ్. ఇస్తానన్నాడు, నేనే పోగొట్టుకున్నా" అంది.

ముసలాయన చెయ్యి చాపి, తడుముకుంటూ, ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించాడు. స మీద నుంచి గు దాకా మెల్లిగా రుద్దాడు. వానలో చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, తెరిచి, పక్కన నిలబడ్డ మనిషి వైపు చాపాడు. ఆ మనిషి బావమరిది.

"చూడు బాబూ, ఏమైనా అంటిందా?"

బావమరిది ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం లేదండీ. శుభ్రంగా ఉంది" అన్నాడు. తర్వాత వెళ్ళి తాళ్ళపిల్ల వీపు తను కూడా తాకి చూశాడు. చొక్కా అంతా కారుతోంది. మూడక్షరాలూ పొడిగా ఉన్నాయి. అతను తన వీపు వెనక్కి చెయ్యి పెట్టి, వేలాడుతున్న స్టిక్కరు లాగేసి, ఏట్లోకి విసిరేశాడు.

పిన్ని ఏడ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, వానలో ఆ పని ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ రోజు దాటి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలీదు. ఏమీ అయ్యేది కాదేమో. ఏరు ఎవరికీ సాక్ష్యం చెప్పదు. మేనేజరు చాలాసేపు మెట్ల మీద నిలబడ్డాడు. అవతలి గట్టు వైపు చూశాడు, కట్టిన తాడు వైపు చూశాడు. ఆ ముడి విప్పడం తనకి రాదు. చివరికి అరుగు దగ్గరికి వచ్చాడు. గొడుగు గాలికి తిరగబడిపోయింది, పట్టించుకోలేదు.

"మరి ఎప్పుడు కదులుతుంది?" అని అడిగాడు.

తాళ్ళపిల్ల స్తంభం వైపు చూసింది. దాని మీద ఇంకా కొంగలు వాలలేదు.

"నేను చెప్పినప్పుడు" అంది.

మేనేజరు తలూపి, ఆ మాట అవతలి గట్టుకి ఫోన్ చేసి చెప్పడానికి ఆఫీసు మెట్లెక్కాడు.